వేళాకోళమా, నేరమా?

బావామరదళ్ళ పరిహాసాలు మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్నవే. హోసూరులో గాని, బరంపురంలో గాని, షోలాపురంలో గాని, ఆ మాటలు లేకపోతే మనవారికి పెళ్ళి పెళ్ళిలాగే ఉండదు. అందుచేతనే కాబోలు, ఆడపిల్ల "నాకిది బాధగా ఉన్నది" అంటే "సరదాకన్నాడులేవే" అని పెద్దలు తేల్చివేస్తారు. ఆ సరదా ఎవరికి? చట్టం అడిగేది కూడ ఇంచుమించు ఇదే.

1988 జులై 18న చండీగఢ్‌లో ఒక విందులో, అప్పటి పంజాబు పోలీసు అధిపతి కె. పి. ఎస్. గిల్, ఐ.ఎ.ఎస్. అధికారిణి రూపన్ దేవల్ బజాజ్ గారిని పదిమందిలో అసభ్యంగా చేతితో కొట్టారు. పదకొండు రోజుల తర్వాత ఆమె పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. 1995లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి, ఇది స్వల్పవిషయం కాదన్నది. 1996లో ఆయన దోషి అని తేలింది. 2005లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. అంతటి ఉద్యోగంలో ఉన్న ఆవిడకే పదిహేడేళ్ళు పట్టింది!

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులో ఉన్నది. దాని 75వ సెక్షను ప్రకారం, ఇష్టంలేని స్త్రీని కామబుద్ధితో తాకి మీదికి వస్తే, లేదా అటువంటి కోరిక కోరితే మూడేళ్ళవరకు శిక్ష. అశ్లీలపు మాట అంటే ఏడాదివరకు. ఇవి ఒక్కమారు చేసినా నేరమే. బావ అయినా, ఇంటి యజమాని అయినా ఒకటే. వెంటపడడం సంగతి వేరు. దానికి 78వ సెక్షను. ఆమె వద్దని స్పష్టంగా తెలిపిన తర్వాత కూడ పదేపదే వెంబడించడం, పలకరింపజూడడం ఉండాలి. ఆమె ఫోనులోని ఉత్తరప్రత్యుత్తరాలమీద కన్నువేయడం కూడ ఈ సెక్షను క్రిందికే వస్తుంది. మొదటిసారికి మూడేళ్ళవరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళవరకు శిక్ష.

కనుక ఆ "వద్దు" అనే మాట ఎంతో విలువైనది. నవ్వి ఊరుకుంటే రేపు కోర్టులో దానికే వేరే అర్థం చెబుతారు. ఒకసారి సూటిగా, వీలైతే వ్రాతలో, "నాకు ఇష్టం లేదు, ఇక పలకరించవద్దు" అని చెప్పాలి. ఆ తర్వాత వాదనకు దిగనక్కరలేదు. మన ఇళ్ళలో మొదట చేసే పని ఏమిటంటే, ఫోనులోని ఆ పాడు మాటలన్నీ చెరిపివేసి, పిల్లను కాలేజీ మాన్పించడం! సాక్ష్యం పోయింది, చదువు పోయింది, వాడు మాత్రం వీధిలోనే ఉన్నాడు. ఏ తేదీన, ఎక్కడ, ఎవరు చూస్తుండగా జరిగినదీ ఒక నోటుబుక్కులో వ్రాసిపెట్టండి.

తమిళనాడులో 1998నుంచే స్త్రీలను వేధించడాన్ని నిషేధించే ప్రత్యేక చట్టమున్నది. బస్‌స్టాపు, గుడి, సినిమాహాలు, అన్నీ దాని పరిధిలోనివే.

విజయవాడలో చుట్టాలింట జరిగినదానికి బళ్ళారిలో ఫిర్యాదు తీసుకుంటారా అని కొందరి సందేహం. తీసుకోవాలి. నేరం ఏ ఊళ్ళో జరిగినా, ఏ స్టేషనులోనైనా మొదట నమోదుచేసి, తర్వాత అక్కడికి పంపుతారు. నోటితో చెప్పినా వ్రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. కన్నడమో, ఒడియానో చదవడం రానివారు వచ్చినవారిని వెంట తీసుకువెళ్ళి, విన్న తర్వాతనే సంతకం పెట్టండి. ఇటువంటి ఫిర్యాదును మహిళా అధికారియే వ్రాసుకోవాలి. నకలు ఉచితం. ఆపదలో 112కు, సలహాకు 181కి ఫోను చేయవచ్చు.

ఆలస్యానికి మాత్రం హద్దున్నది: అశ్లీలపు మాటల కేసును కోర్టు సాధారణంగా ఏడాదిలోపల, మూడేళ్ళ శిక్షగల వాటిని మూడేళ్ళలోపల విచారణకు స్వీకరించాలి. స్టేషనులో తీసుకోమంటే అదే సంగతి వ్రాసి జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు పోస్టులో పంపండి, రసీదు దాచండి. అక్కడా ఉలుకూ పలుకూ లేకపోతే మేజిస్ట్రేటుగారికి అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ రసీదు అడుగుతారు.