దీర్ఘసూత్రత

‘సూత్రం’ అంటే దారం. ‘దీర్ఘసూత్రుడు’ అంటే పొడవైన దారం గలవాడని శబ్దార్థం. చేయవలసిన పనిని దారంలా సాగదీస్తూ, నేటిదానిని రేపటికి, రేపటిదానిని ఎల్లుండికి జరుపుతూ పోయేవానికి ప్రాచీనులు ఈ పేరు పెట్టారు. ఆ స్వభావమే దీర్ఘసూత్రత. వాడుకలో దీనినే వాయిదా వేయడమని, కాలయాపన అని అంటారు.

దీర్ఘసూత్రతను సోమరితనంగా భావించడం లోకంలో పరిపాటి. కాని ఈ రెండూ ఒకటి కావు. భగవద్గీత 18వ అధ్యాయంలో తామసకర్త లక్షణాలను చెప్పే సందర్భంలో సోమరి, విషాది, దీర్ఘసూత్రి అనే మాటలు వరుసగా, వేర్వేరుగా కనిపిస్తాయి. సోమరికి పని మీద కోరికే ఉండదు. దీర్ఘసూత్రునికి కోరిక ఉంటుంది, పూనిక ఉండదు. చేయాలనుకుంటాడు, చేయనందుకు బాధపడతాడు, అయినా మొదలుపెట్టడు. విషాదం, దీర్ఘసూత్రత అనే రెండు లక్షణాలూ పక్కపక్కనే ఉండటం గమనింపదగినది.

కళాశాల విద్యార్థి జీవితంలో ఇందుకు నిదర్శనాలు కొల్లలు. ప్రయోగాల రికార్డునే తీసుకోవచ్చు. ప్రయోగం చేసిన వారంలోనే దానిని వ్రాయాలని విద్యార్థి కూర్చుంటాడు. గణన తేలదు, గ్రాఫు సరిగా రాదు. మనస్సుకు చిరాకు కలుగుతుంది. “రేపు చూద్దాంలే” అని రికార్డు మూయగానే ఆ చిరాకు మాయమవుతుంది. చేతిలోకి సెల్‌ఫోను వస్తుంది. అప్పుడు కలిగే ఊరటే అసలైన ఉచ్చు. ఫ్యూషియా సిరోయిస్, తిమోతి పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో ఈ విషయాన్నే వివరించారు. మనిషి వాయిదా వేసేది పనిని మాత్రమే కాదు, ఆ పని కలిగించే అప్రియమైన భావాన్ని కూడా. ఆ క్షణానికి మనస్సు తేలికపడుతుంది. బరువు రేపటి మీద పడుతుంది.

గడువు ముంచుకొచ్చిన రాత్రి అదే విద్యార్థి తెల్లవార్లూ మేల్కొని రికార్డు పూర్తి చేస్తాడు. మరునాడు అధ్యాపకుని సంతకం లభిస్తుంది. దానితో, “ఒత్తిడి ఉంటేనే నాకు పని సాగుతుంది” అనే నమ్మకం అతనిలో నాటుకుంటుంది. ఈ నమ్మకంలోని సత్యాసత్యాలను పరిశీలించాలి.

అమెరికాలో డయాన్ టైస్, రాయ్ బౌమైస్టర్ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులను ఒక విద్యాకాలం పొడవునా పరిశీలించి 1997లో ఫలితాలను ప్రకటించారు. తొలి వారాలలో, వాయిదా వేసేవారే ఇతరుల కంటె నిశ్చింతగా, ఆరోగ్యంగా ఉన్నారు. గడువులు దగ్గరపడేసరికి పరిస్థితి తలక్రిందులయింది. వారి ఒత్తిడి, అనారోగ్యం ఇతరులను మించిపోయాయి. మొత్తం మీద వారు పొందిన సుఖం కంటె పడిన బాధే అధికమయింది; మార్కులూ తగ్గాయి. ముందు అనుభవించిన హాయికి తరువాత వడ్డీతో సహా చెల్లించవలసి వచ్చిందన్నమాట.

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన మూడు చేపల కథ ఇక్కడ స్మరింపదగినది. జాలరులు ఒక చెరువుకు కాలువలు తీసి నీటిని వెలుపలికి వదలసాగారు. అనాగతవిధాత, అంటే రాబోయేదానికి ముందే ఏర్పాటు చేసుకునే చేప, దారి ఉండగానే వెళ్ళిపోదామన్నది. ప్రత్యుత్పన్నమతి అనే చేప, సమయానికి ఉపాయం అదే తోస్తుందన్నది. దీర్ఘసూత్రుడనే చేప తొందరేమున్నదన్నది. మొదటి చేప కాలువ వెంట తరలిపోయింది. చెరువు ఎండగానే మిగిలిన రెండూ పట్టుబడ్డాయి. జాలరులు చేపలను త్రాటికి గ్రుచ్చుతుండగా, ప్రత్యుత్పన్నమతి తానూ ఆ వరుసలోనిదే అన్నట్లు త్రాటిని నోట కరచుకున్నది. వారు చేపలను లోతు నీటిలో కడిగేటప్పుడు పట్టు విడిచి తప్పించుకున్నది. దీర్ఘసూత్రుడు ప్రాణాలు కోల్పోయాడు.

రాత్రికి రాత్రి పని ముగించే విద్యార్థి తనను ప్రత్యుత్పన్నమతిగా భావించుకుంటాడు. సమయస్ఫూర్తి గొప్ప గుణమే. కాని అది అనుకోని ఆపదకు కావలసిన గుణం. పరీక్ష అనుకోని ఆపద కాదు. దాని కాలపట్టిక ముందుగానే వెలువడుతుంది. పైగా ఆ చేప బ్రతికింది ఉపాయం వలన మాత్రమే కాదు, జాలరులు లోతు నీటిని వెదకుకుంటూ పోవడం వలన కూడా. ఆఖరి రాత్రి జ్వరం వచ్చినా, కరెంటు పోయినా విద్యార్థి ఉపాయం ఫలించదు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వితే ఏ ఒక్కసారో నీరు పడవచ్చు. ప్రతిసారీ పడుతుందనుకోవడం అవివేకం.

దీనికి నివారణ గొప్ప సంకల్పాలలో లేదు, చిన్న ఏర్పాటులో ఉంది. జర్మనీలో పీటర్ గోల్విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టెటర్ జరిపి 1997లో ప్రచురించిన పరిశోధనలో, కొందరు విద్యార్థులకు క్రిస్మస్ సెలవులలో ఒక నివేదిక వ్రాసే పని అప్పగించారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని వ్రాస్తామో ముందే నిర్ణయించుకున్నవారిలో అధికులు దానిని సకాలంలో ముగించారు. “త్వరలో వ్రాస్తాను” అనడం కోరిక. “శనివారం సాయంత్రం ఆరు గంటలకు గ్రంథాలయంలో రెండవ ప్రయోగం వ్రాస్తాను” అనడం ఏర్పాటు. దూరాన ఉన్న పెద్ద గడువును ఇలా చిన్న చిన్న గడువులుగా విభజించుకుంటే, పని కలిగించే భయం కూడా చిన్నదవుతుంది.

‘నిదానమే ప్రధానం’, ‘ఆలస్యం అమృతం విషం’ అనే సామెతలు పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి మొదటిది పని చేస్తున్నవానికి, రెండవది పని మొదలుపెట్టనివానికి వర్తిస్తాయి. ముందుగా మొదలుపెట్టినవానికే నిదానంగా చేసే వీలు చిక్కుతుంది. వ్రాసినదానిని మరొకసారి చదువుకుని, తప్పు దిద్దుకునే అవకాశం అతనికే ఉంటుంది. ఆఖరి రాత్రి వ్రాసినవానికి ఆ అవకాశం లేదు. తాను ఎంత చేయగలిగిన సమర్థుడో అతనికి ఎన్నటికీ తెలియదు. దీర్ఘసూత్రత వలన కలిగే నష్టాలలో పోయిన మార్కుల కంటె ఇదే పెద్దది.