వైద్యుడు వ్రాసిచ్చిన యాంటీబయాటిక్‌ను సేవించే విధానం

వైద్యుడు రోగిని పరీక్షించి, వ్యాధిని నిర్ణయించి, మందుచీటీ వ్రాసి ఇచ్చేసరికి వైద్యంలో సగభాగమే పూర్తవుతుంది. మిగిలిన సగం ఇంటిలో, మంచినీళ్ళ గ్లాసు దగ్గర జరుగుతుంది. ఈ రెండవ భాగాన్ని గురించి మనకు తెలిసినది స్వల్పం. అన్ని యాంటీబయాటిక్ ఔషధాలకూ ఒకే నియమం వర్తించదు కనుక, డాక్సీసైక్లిన్ అనే ఒక్క ఔషధాన్ని తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం. యువతీయువకుల మొటిమలకు, నల్లిజాతి సూక్ష్మకీటకాల కాటు వలన సోకే స్క్రబ్ టైఫస్ జ్వరానికి, కొన్ని శ్వాసకోశ వ్యాధులకు వైద్యులు దీనిని వ్రాస్తుంటారు. జలుబు, ఫ్లూ వంటివి వైరస్‌ల వలన కలిగేవి. వాటిమీద ఇది పనిచేయదు.

ఈ ఔషధ కుటుంబంతో తెలుగువారికి ఒక బాంధవ్యం కూడా ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలో, అక్కడ పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి బంగారు వన్నెగల ఔషధాన్ని సాధించాడు. దానికి ఆరియోమైసిన్ అని పేరుపెట్టి 1948లో లోకానికి ప్రకటించారు. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. డాక్సీసైక్లిన్ 1960 దశకంలో వచ్చిన తరువాతి తరం.

ఈ కుటుంబానికి పుట్టుకతోనే ఒక స్వభావం ఉన్నది. వీటి అణువులు కాల్షియం, ఇనుము, మెగ్నీషియం, అల్యూమినియం వంటి లోహాలు కనబడగానే వాటిని గట్టిగా పట్టుకుంటాయి. అట్లా జతకూడిన పదార్థం పేగుల గోడలను దాటి రక్తంలో చేరలేదు. అనగా క్యాప్సూల్ కడుపులోకి పోయినా మందు శరీరానికి అందదు. పాలతో కలిపి వేసుకుంటే పాత టెట్రాసైక్లిన్‌లో సగానికి పైగా వ్యర్థమయ్యేది. డాక్సీసైక్లిన్ విషయంలో ఆ నష్టం ఐదవ వంతు ప్రాంతంలో ఉంటుంది. అయినా తెలిసి తెలిసి పోగొట్టుకోవడం ఎందుకు? పాలకంటె పెద్ద చిక్కు రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలతోను, కడుపుమంటకు తాగే జెల్ మందుతోను వస్తుంది. మన విద్యార్థినులలో ఐరన్ మాత్రలు వాడేవారు చాలామంది ఉంటారు. అటువంటివారు ఆ సంగతి వైద్యునికి ముందుగానే చెప్పాలి. రెండింటి నడుమ రెండు మూడు గంటల ఎడం పెట్టమనవచ్చు, లేదా కొద్ది రోజులు ఐరన్ ఆపమనవచ్చు. అది ఆయన నిర్ణయించవలసిన విషయం.

ఇక మింగే పద్ధతి. ఇది చాలా చిన్న విషయంగా కనబడుతుంది గాని, డాక్సీసైక్లిన్ వలన కలిగే బాధలలో చెప్పుకోదగినది ఇక్కడే పుడుతుంది. ఒక గుక్కెడు నీళ్ళతో క్యాప్సూల్ వేసుకొని వెంటనే పడుకుంటే అది అన్నవాహికలోనే అంటుకొనిపోవచ్చు. అక్కడ కరిగిన మందుకు ఆమ్లగుణం ఉండటం వలన లోపలి పొర కాలినట్లయి పుండు పడుతుంది. మరునాడు గుటక వేయలేనంత నొప్పి, రొమ్ము ఎముక వెనుక మంట. కొందరు దీనిని గుండెనొప్పి అని భ్రమపడి భయపడతారు. నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని గాని నిలబడి గాని మింగి, ఆపై కనీసం అరగంటసేపు నడుము వాల్చకుండా ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పిపోతుంది. కడుపులో వికారంగా ఉంటే కొంచెం ఆహారం తీసుకొని వేసుకోవచ్చు.

రంజాన్ మాసంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. రోజుకు రెండు పూటలు వేసుకోమంటే సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి అని రోజాదారులు తామే నిర్ణయించుకుంటారు. డాక్సీసైక్లిన్ శరీరంలో సగం తరిగిపోవడానికి సుమారు 16 నుండి 22 గంటలు పడుతుంది గనుక వ్యవధి కొంత అటూ ఇటూ అయినా వైద్యులు ఒప్పుకొనే అవకాశం ఉన్నది. చిక్కు వేరేచోట ఉన్నది. ఫజర్ అజాన్ వినబడబోయే ఆఖరి నిమిషంలో హడావిడిగా ఒక గుటక నీళ్ళతో క్యాప్సూల్ వేసుకొని, నమాజు కాగానే నిద్రకు ఉపక్రమించేవారు ఎందరో. గొంతు క్రింద అంటుకున్న మందును కడిగివేయడానికి సాయంత్రం వరకు నీటిచుక్క ఉండదు. పైగా సహరీలో పాలలో నానిన ఫేణీ, ఇఫ్తార్‌లో పాల షర్బత్. కావున సహరీకి అరగంట ముందే లేచి, నిండు గ్లాసు నీళ్ళతో మందు వేసుకొని, పాల పదార్థాలను ఎడంగా ఉంచుకోవడం ఉత్తమం.

అన్ని మందులకూ ఈ సౌకర్యం లేదు. అమాక్సిసిలిన్ రక్తంలో గంట ప్రాంతంలోనే సగానికి తరిగిపోతుంది. అందుచేతనే దానిని ఎనిమిది గంటల కొకసారి వ్రాస్తారు. మూడు పూటల మందును ఉపవాసం కోసం రెండు పూటలకు కుదించుకోవడం రోగి తనంత తాను చేయదగిన పని కాదు. వ్యాధిగ్రస్తులకు రోజా విషయంలో వెసులుబాటు ఉన్న సంగతి అందరూ ఎరిగినదే. వివరాలు ఉలమాలను అడిగి తెలుసుకోవచ్చు. మందు మార్చడానికి వీలున్నదా అన్న ప్రశ్న మాత్రం వైద్యునిది. చీటీ వ్రాసే సమయంలోనే “నేను ఉపవాసం ఉంటాను” అని చెప్పడానికి మొగమాటం దేనికి?

ఒక పూట మరచిపోతే జ్ఞాపకం వచ్చిన వెంటనే వేసుకోవాలి. తరువాతి పూట దగ్గరపడితే మరచినదాన్ని విడిచిపెట్టాలి. రెండు కలిపి వేసుకోరాదు. ఎన్ని రోజులు వాడాలన్నది వ్యాధినిబట్టి ఉంటుంది. ఒకప్పటికంటె తక్కువ రోజులే చాలునని అనేక వ్యాధుల విషయంలో ఇప్పుడు తేలింది. అయితే ఆ తగ్గింపు వైద్యుడు చేయవలసినది. జ్వరం దిగింది గదా అని మూడవనాడే మనం ఆపివేయడం వేరు. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకొన్నప్పుడే, చాలీచాలని మోతాదు సూక్ష్మజీవులను చంపకుండా వాటికి తట్టుకొనే శక్తిని నేర్పుతుందని హెచ్చరించాడు. హాస్టల్ గదిలో ఒకరి మందును మరొకరు పంచుకోవడాన్ని స్నేహధర్మంగా భావించే అలవాటు ఈ హెచ్చరికకు నేరుగా విరుద్ధం. మందు అట్టమీద కనిపించే నిలువు ఎర్రగీత, చీటీ లేనిదే దానిని వాడరాదని చెప్పే గుర్తు. దీనిని గురించి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం చేపట్టింది.

ఈ మందు వాడే రోజులలో ఎండ చర్మాన్ని తొందరగా కమిలించవచ్చు. మిట్టమధ్యాహ్నం క్రికెట్ మానుకోవాలి, లేదా ఒళ్ళు కప్పుకోవాలి. గర్భిణులకు, ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు దీనిని సాధారణంగా ఇవ్వరు, పిల్లల పళ్ళు రంగు మారవచ్చునని. కాని స్క్రబ్ టైఫస్ వంటి ప్రాణాంతక జ్వరంలో వైద్యులు పిల్లలకు సైతం కొద్దిరోజులు ఇస్తారు. అప్పుడు తల్లిదండ్రులు అడ్డుచెప్పరాదు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవారు దీనిని కలిపి వాడరాదు, మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉన్నది. మూర్ఛకు, రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి మందులు వాడేవారు వాటి పేర్లు ముందే తెలియజేయాలి. గడువు తీరిన క్యాప్సూళ్ళను పారవేయవలసినదే. పాడైన పాత టెట్రాసైక్లిన్ వలన మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులను గురించి 1963లోనే వైద్య పత్రికలు వ్రాశాయి.

కొద్దిపాటి వికారం, పలుచని విరేచనం ఒకటి రెండు కలిగితే కంగారుపడనక్కరలేదు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు గాని ముఖం గాని వాయడం, ఊపిరి అందకపోవడం, రక్తంతో కూడిన విరేచనాలు, చూపు మసకబారి తీవ్రమైన తలనొప్పి, ఇవి కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు మందుచీటీతోపాటు క్యాప్సూల్ అట్టను కూడ చేతపట్టుకొని పోవాలి; అక్కడ మొదట అడిగేది దానినే.