అంగుళం దూరంలో ఆగిన తూటా

1986 ఏప్రిల్ 11, ఉదయం తొమ్మిదిన్నర. అమెరికాలోని మయామీ శివారు. బ్యాంకులనూ, డబ్బు తీసుకెళ్లే వ్యాన్లనూ దోచుకుంటున్న ఇద్దరి కారును ఎఫ్‌బీఐ ఏజెంట్లు అడ్డగించారు. ఇటు ఎనిమిది మంది, అటు ఇద్దరే. అయిదు నిమిషాలైనా పట్టని కాల్పుల్లో దాదాపు 145 తూటాలు పేలాయి. జెర్రీ డవ్, బెన్ గ్రోగన్ అనే ఇద్దరు ఏజెంట్లు ప్రాణాలు కోల్పోయారు. మరో అయిదుగురు గాయపడ్డారు. దుండగుల ఆట కట్టించింది అప్పటికే ఒక చెయ్యి ఛిద్రమైపోయిన ఎడ్మండో మిరెలెస్ అనే ఏజెంటు.

ఆ 145లో ఒకే ఒక్క తూటా మీద ఇప్పటికీ చర్చ ఆగలేదు. డవ్ తన 9 ఎంఎం పిస్టల్‌తో పేల్చిన తూటా అది. కారులోంచి బయటికి పాకుతున్న మైఖేల్ ప్లాట్ అనే దుండగుడి కుడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి దూరింది. ఊపిరితిత్తిని తూట్లు పొడిచి, గుండెకు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ గాయంతో ప్లాట్ ఎలాగూ బతికేవాడు కాదని తర్వాత నిపుణులు తేల్చారు. కానీ చనిపోయేలోగా అతను చేతిలోని రైఫిల్ వదల్లేదు. డవ్‌నూ గ్రోగన్‌నూ చంపింది ఆ తూటా తగిలాకే.

దాని పేరు సిల్వర్‌టిప్. బరువు 115 గ్రెయిన్లు, అంటే ఏడున్నర గ్రాములు. ముక్కు దగ్గర గుంట ఉండే హాలో పాయింట్ రకం. ఒంట్లోకి దిగగానే గుంట విచ్చుకుని వెడల్పవుతుంది, తొందరగా ఆగుతుంది. అలా చేయడానికే దాన్ని తయారుచేశారు, అది అలాగే చేసింది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఛాతీని ఊహించుకుని చేసిన తూటాకు మధ్యలో ఒక చెయ్యి అడ్డొచ్చింది. ఆ కొన్ని అంగుళాల లెక్క ఎవరూ వేసుకోలేదు.

ఆత్మరక్షణకు ఏ తూటా మేలు అన్న ప్రశ్న అంతకుముందూ ఉంది. ఫిలిప్పీన్స్ యుద్ధంలో తమ .38 రివాల్వర్లు శత్రువును ఆపలేకపోతున్నాయని అమెరికా సైనికులు మొత్తుకుంటే, 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో కబేళాల్లో పశువుల మీదా, మనుషుల శవాల మీదా కాల్చి చూశారు. .45 కంటే చిన్నది పనికిరాదని తేల్చారు. పరీక్ష పద్ధతి ఎంత అస్తవ్యస్తంగా ఉన్నా ఆ తీర్పు మాత్రం ఎనభై ఏళ్లు వేదవాక్కులా చలామణీ అయింది. ‘స్టాపింగ్ పవర్’ అనే మాట ప్రతి తుపాకీ దుకాణంలోనూ వినిపించేది. దాన్ని కొలిచే సాధనం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

సాధనాన్ని పక్కాగా తీర్చిదిద్దినవాడు ఒక శస్త్రచికిత్స వైద్యుడు. వియత్నాం యుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఆపరేషన్లు చేసిన మార్టిన్ ఫ్యాక్లర్, తూటా గాయాల గురించి పుస్తకాల్లో చదివింది తన బల్ల మీద కనబడటం లేదని గమనించాడు. 1980ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని సైనిక పరిశోధన కేంద్రంలో ప్రయోగశాల పెట్టి, జెలటిన్ దిమ్మల మీద కాల్పులు మొదలుపెట్టాడు. పది పాళ్ల జెలటిన్ పొడిని తొంభై పాళ్ల నీళ్లలో కలిపి, పేరబెట్టి, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. అసలు పరీక్షకు ముందు ఒక చిన్న ఉక్కు గుండును సెకనుకు 590 అడుగుల వేగంతో అందులోకి కొడతారు. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దిగితే దిమ్మ సరిగ్గా కుదిరినట్టు. దిగింది తక్కువైనా ఎక్కువైనా దాన్ని పక్కన పడేసి మళ్లీ మొదటినుంచీ. నాకు ఈ పరీక్ష మీద గౌరవం కలిగింది ఇక్కడే. ఆడంబరపు మాటల మధ్య ఒక్క మనిషి కొలబద్దను ముందు సరిచూసుకున్నాడు.

మయామీ ఘటన తర్వాత ఎఫ్‌బీఐ నిపుణులను పిలిపించి, ఈ దిమ్మల ఆధారంగానే ప్రమాణం రూపొందించింది. తూటా కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు. ఛాతీ అంత లోతు ఉండదు కదా అనిపిస్తుంది. కానీ మనిషి పక్కకు తిరిగి ఉండొచ్చు, మధ్యలో చెయ్యి రావచ్చు. పైగా దిమ్మను వట్టిగా కాల్చి ఊరుకోరు. ముందు బనీను, చొక్కా, జీన్స్ గుడ్డ వంటి పొరలు పెడతారు. తర్వాత రేకు, గోడ పలక, ప్లైవుడ్, చివరగా కారు అద్దం. అన్నింటికంటే మామూలుగా కనిపించే గుడ్డే చాలా తూటాల పరువు తీస్తుంది. పీచు వెళ్లి ముక్కులోని గుంటలో కూరుకుపోతే హాలో పాయింట్ విచ్చుకోదు. మామూలు తూటాలా దూసుకెళ్లి, అవతలి పక్కనుంచి బయటపడుతుంది. .380 వంటి చిన్న పిస్టళ్లకు చిక్కు మరో రకం. విచ్చుకుంటే లోతు చాలదు, లోతు దిగితే విచ్చుకోదు. చిన్నదైతే జేబులో ఇమిడిపోతుందని కొనేవారికి దుకాణదారు ఈ ముక్క చెప్పడు.

ఇక ఎఫ్‌బీఐ నడిచిన దారి చూడండి. 9 ఎంఎం మోసం చేసిందని 10 ఎంఎం పిస్టల్ తెచ్చుకుంది. అది బరువు, వెనక్కి తన్నుడు ఎక్కువ, పిడి చాలామంది చేతికి పట్టేది కాదు. దాంతో మందు తగ్గించి కాల్చారు. తగ్గించిన మందుకు అంత పొడుగు తూటా గొట్టం ఎందుకని 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ పుట్టింది. అమెరికా పోలీసు శాఖలు దాని వెంట పరుగెత్తాయి. 1997లో ఎఫ్‌బీఐ కూడా దానికే మారింది. 2014 వచ్చేసరికి ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం తన పరీక్షలన్నీ ముందు పెట్టుకుని, మళ్లీ 9 ఎంఎమ్మే మేలని రాతపూర్వకంగా చెప్పింది. ఆ ముప్పై ఏళ్లలో తూటా తయారీ మారింది. రాగి తొడుగును సీసానికి అతికించడం, గుంట ఆకారం, బరువు అన్నీ మెరుగయ్యాయి. నాణ్యమైన తూటాలు తీసుకుంటే 9 ఎంఎం నుంచి .45 దాకా గాయం దారిలో చెప్పుకోదగ్గ తేడా కనబడదని ఆ పత్రం సారాంశం. 9 ఎంఎం తక్కువ తన్నుతుంది, ఎక్కువ తూటాలు పడతాయి, ఎక్కువమంది దానితో గురిగా కాల్చగలరు.

నా ఉద్దేశంలో అసలు సంగతి ఆ చివరి ముక్కలోనే ఉంది. కాల్పుల్లో పోలీసుల తూటాలు వందకు 70 నుంచి 80 దాకా గురి తప్పుతాయని అదే పత్రం ఒప్పుకుంది. 2008లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ న్యూయార్క్ పోలీసుల రికార్డులు చూస్తే, ఎదురుకాల్పుల్లో సగటున 18 శాతమే తగిలాయి. ఏటా శిక్షణ పొందే ఉద్యోగుల మాట ఇది. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి, చేతులు వణుకుతూ, పక్క గదిలో పిల్లలుండగా తుపాకీ పట్టే గృహస్థు సంగతి ఊహించుకోవచ్చు. గురి తప్పిన ప్రతి తూటా ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. అమెరికా ఇళ్లలో లోపలి గోడలు జిప్సం పలకలు. ఏ రకం పిస్టల్ తూటా అయినా వాటిని దాటిపోతుంది.

గురి తగిలినా సినిమాలో చూపినట్టు మనిషి ఎగిరి పడడు. గుండె పూర్తిగా దెబ్బతిన్నా మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో పది పదిహేను సెకన్లు తెలివితో కదలగలడని ఎఫ్‌బీఐ 1989లోనే రాసుకుంది. ఒక్క తూటాతో కథ ముగుస్తుందని ఏ పెట్టె మీద రాసున్నా నమ్మకండి.

విచ్చుకునే తూటా క్రూరమైందన్న అభ్యంతరానికి మన దేశంతోనే ముడి ఉంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల్లో బ్రిటిష్ వాళ్లు అలాంటివి తయారుచేశారు. 1899 హేగ్ ప్రకటన వాటిని యుద్ధాల్లో నిషేధించింది. పోలీసులకు మాత్రం ఆ నిషేధం లేదు. న్యూయార్క్ పోలీసులు 1998లో హాలో పాయింట్‌కు మారాలని నిర్ణయించింది దారినపోయేవారిని కాపాడటానికి. అంతకుముందు వాడిన నిండు తొడుగు తూటాలు తగిలినవాడిని దాటి వెనకున్నవాడికి తగిలేవి. వినడానికి ఎలా ఉన్నా, ఊరి మధ్య వాడకానికి ఇదే సబబని నేను అనుకుంటున్నాను.

మన దగ్గర ఏ తూటా మేలన్న బేరీజుకు పెద్దగా తావు లేదు. 9 ఎంఎం పౌరులకు నిషిద్ధం. లైసెన్సు వచ్చినా ఎక్కువగా దొరికేది .32 రివాల్వరే. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ తెచ్చిన ‘నిర్భీక్’ కూడా అదే. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే వాటిని స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవడం మన జిల్లాల్లో చాలామందికి అలవాటే.

ఈ ప్రశ్న నిజంగా తలుపు తడుతున్నది అమెరికాలోని మనవాళ్లకు. పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో పనిచేస్తూ దోపిడీ దొంగల కాల్పులకు బలైన తెలుగు పిల్లల వార్తలు మనం తరచూ చదువుతున్నాం. భయపడి తుపాకీ కొనాలనుకోవడం సహజమే. కానీ ఎఫ్-1, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి దగ్గర తుపాకీ ఉంటే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఒక్క తూటా ఉన్నా నేరమే. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నాయి. టెక్సస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండా తుపాకీ పెట్టుకుని తిరగొచ్చన్న మాట విని మోసపోవద్దు, ఆ వెసులుబాటు ఈ వీసాదారులకు వర్తించదు. స్నేహితుడి తుపాకీ అయినా ముట్టుకునే ముందు లాయరును అడగండి.

గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండి కొనుక్కున్నవారికి ఒక విన్నపం. ఎఫ్‌బీఐ పరీక్ష నెగ్గిన తూటాల్లో మీ పిస్టల్‌లో ఇరుక్కోకుండా పేలేది ఏదైనా సరే, ఒకటి ఎంచుకుని ఆ చర్చ అక్కడితో ఆపేయండి. 2020 నుంచి అమెరికాలో పిల్లలూ టీనేజర్లూ చనిపోవడానికి మొదటి కారణం రోడ్డు ప్రమాదాలు కాదు, తుపాకులే. అంకెలు నొక్కితే క్షణంలో తెరుచుకునే ఇనప పెట్టెలు ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతున్నాయి. తూటాల కంటే ముందు అలాంటి పెట్టె కొనండి, తుపాకీ ఇంటికి వచ్చిన రోజే అందులో పెట్టి తాళం వేయండి.