లక్ష కోట్లలో ఒక వంతు

ఒక టిప్పర్‌లో 10 ఘనపు మీటర్ల మట్టి పడుతుందనుకుంటే, 90,000 ఘనపు మీటర్లకు 9,000 టిప్పర్లు కావాలి. వియత్నాంలోని డా నాంగ్ విమానాశ్రయంలో 2012లో మొదలై 2018లో ముగిసిన పనిలో వేడి చేసి శుద్ధి చేసిన మట్టి అంత. అందులోంచి తీసేయాల్సిన విషాన్ని కొలిచేది మాత్రం లక్ష కోట్లలో ఇన్ని వంతులని.

విషం పేరు డయాక్సిన్. 1961 నుంచి 1971 దాకా అమెరికా సైన్యం వియత్నాం అడవుల మీద, పంటల మీద 7 కోట్ల లీటర్లకు పైగా కలుపుమందులు చల్లింది. వాటిలో ఎక్కువ వాటా ఏజెంట్ ఆరెంజ్‌ది. డయాక్సిన్‌ను అందులో ఎవరూ కావాలని కలపలేదు, తయారీలో దానంతట అదే పుట్టింది. ఆకుల మీద పడింది చాలావరకు ఎండకు విరిగిపోయింది. పీపాలు దించిన చోట, విమానాలు కడిగిన చోట నేలలోకి ఇంకింది మాత్రం అక్కడే ఉండిపోయింది. అందుకే నేడు ప్రమాదం అడవిలో కంటే పాత వైమానిక స్థావరాల్లోనే ఎక్కువ.

ఈ పనికి వియత్నాం మట్టికి అప్పట్లో పెట్టుకున్న హద్దు లక్ష కోట్లలో 1,000 వంతులు. అలాంటి పాత స్థావరమే అయిన డా నాంగ్‌లో ఒకచోట 3,65,000 తేలింది. వినడానికి భయంకరంగా ఉన్నా, ఆ లెక్కన టన్నున్నర మట్టిలో ఉండేది అర గ్రాము చిల్లర! అంత కొంచెమే కదా అనడానికి లేదు. డయాక్సిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చెరువు అడుగు బురద నుంచి చేపకు, చేప నుంచి మనిషికి చేరుతుంది. ఒంట్లో చేరింది సగానికి తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది.

ఇంత పలచగా పరుచుకున్న దాన్ని ఏరడం కుదరదు. మట్టి మొత్తాన్నీ వేడి చేయాల్సిందే. డా నాంగ్‌లో చేసింది ఒక రకం ఇటుకబట్టీయే. కాంక్రీటు గోడల మధ్య మట్టి పోసి, లోపల వెయ్యికి పైగా హీటర్ కడ్డీలు దించి, మట్టంతా కనీసం 335 డిగ్రీలకు చేరేదాకా నెలల తరబడి కాచారు. డయాక్సిన్‌లో అధిక భాగం అక్కడే విరిగిపోయింది. ఆవిరిగా లేచిన మిగతాదాన్ని పీల్చి వడకట్టారు. ఇలా రెండు విడతలు. మొత్తం ఖర్చు సుమారు 11 కోట్ల డాలర్లు, అంటే ఘనపు మీటరుకు 1,200 డాలర్ల పైమాటే. డబ్బంతా విషానికి కాదు, దాన్ని మోస్తున్న మట్టికి అయింది. పీపాల దగ్గర కాస్త జాగ్రత్త పడి ఉంటే ఈ బిల్లు ఇంత అయ్యేది కాదని నాకనిపిస్తుంది.

వియత్నాంలోనే మరో వైమానిక స్థావరం బియెన్ హోవాలో శుద్ధి చేయాల్సిన మట్టి డా నాంగ్‌కు దాదాపు ఐదున్నర రెట్లు, 5 లక్షల ఘనపు మీటర్లు. ఖర్చు అంచనా 45 కోట్ల డాలర్లు. అక్కడ పని 2019లో మొదలైంది. 2025 ఆరంభంలో అమెరికా తన విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు తవ్వకాలు మధ్యలో నిలిచాయి, తర్వాత మళ్లీ మొదలయ్యాయి.