నా భుజానికి తగ్గ విల్లు

విల్లు అనగానే మనకు రాముడో, అర్జునుడో గుర్తొస్తారు. శివధనుస్సు ఉన్న పెట్టెను సీతమ్మ చిన్నప్పుడు అవలీలగా జరిపిందన్న కథ ఎప్పుడో గాని తలుచుకోం. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచాక, నాకూ ఓసారి విల్లు పట్టాలన్న ఆశ పుట్టింది. ఆమె వాడేది కప్పీలున్న ఖరీదైన విల్లు. నేనుంటున్న అమెరికాలో క్లబ్బు వాళ్ళు ఇచ్చిన చెక్క విల్లేమో సగం లాగేసరికే నా చేయి వణికేది. అందుకే నా బలానికి సరిపడేది నేనే చేసుకున్నాను.

ఇక్కడి కలప దుకాణాల్లో రెడ్ ఓక్ పలకలు దొరుకుతాయి. ఆరడుగుల పొడవు, అంగుళంన్నర వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్నది చాలు. అసలు కిటుకంతా ఎంపికలోనే ఉంది. చెక్క చారలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిన్నగా సాగాలి. మధ్యలో పక్కకు జారినా, ముడి ఉన్నా విల్లు అక్కడే విరుగుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో పలకా తిప్పి చూశాను.

పిడి కోసం మధ్యలో చిన్న చెక్కముక్క అతికించి, చివర్లకు వచ్చేసరికి వెడల్పు అర అంగుళం అయ్యేలా రంపంతో కోశాను. తాడు నిలవడానికి చివర్లలో గాట్లు పెట్టాను. విల్లు లాగినప్పుడు బయటివైపు సాగుతుంది, మనవైపు నొక్కుకుంటుంది. సాగేవైపు పోగులు తెగితే విరిగిపోతుంది కనుక అటు ఆకురాయి తగలనివ్వకూడదు. మందం తగ్గించేదంతా మనవైపే! ధైర్యానికి బయటివైపు లినెన్ గుడ్డ జిగురుతో అంటించాను.

ఇక ఓపికకు పరీక్ష. తాడు కట్టి కొద్దిగా లాగి, పిడికి పైభాగం, కింది భాగం సమానంగా వంగుతున్నాయా అని చూడాలి. ఎక్కువ వంగేచోటు ముట్టుకోకూడదు. బిర్రుగా ఉన్నచోటే కాస్త గీకి, మళ్ళీ ఇరవై ముప్ఫైసార్లు మెల్లగా లాగాలి. నాకు కావలసింది 25 పౌన్లు, అంటే 11 కిలోల పైచిలుకు. స్ప్రింగు త్రాసు ఆ అంకె దాటేలా ఒక్కసారి కూడా లాగలేదు. తొందరపడితే చెక్క అలిసిపోతుంది, ఒక్కోసారి చేతిలోనే విరిగి ముక్కలు ఎగురుతాయి. అందుకే కళ్ళద్దాలు తప్పనిసరి. చివరగా ఉప్పుకాగితంతో రుద్ది వార్నిష్ పూశాను. మూడు వారాల సాయంత్రాలు పట్టింది.

మీరూ చేయాలనుకుంటే, మీ ఊళ్ళో బాగా వంగే గట్టి చెక్క ఏదో పాత వడ్రంగిని అడగండి. చారల సంగతి ఎక్కడైనా ఒకటే. బాణం లేకుండా లాగిన తాడు ఎన్నడూ వదలకండి, బాణానికి పోవాల్సిన విసురంతా చెక్కకే తగులుతుంది. వాడాక తాడు విప్పేయండి.

మావారికి నా విల్లు మరీ తేలికట. ఉండనీండి, నాకోసం చేసుకున్నదే కదా!