చదివిన కథ – చూచిన కథ

పుస్తకప్రియునకు నేడు కథాలోకమున మూడు వాకిండ్లు తెరచియున్నవి. ఒకటి గ్రంథము, రెండవది చలనచిత్రము, మూడవది నట్టింట వెలసిన టెలివిజను. ఒకే కథ ఈ మూడు వాకిండ్లనుండియు వచ్చుచుండుటచే పాఠశాలలో ఒక చిక్కు పుట్టినది. "సినిమా చూచితిమి గదా, ఇక పుస్తకమేల?" అని విద్యార్థి అడుగును. ఈ ప్రశ్నకు ఉపాధ్యాయుడు కోపగించుకొని ప్రయోజనము లేదు. రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూపిన చాలును.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ రచించిన "పథేర్ పాంచాలీ" 1928లో "విచిత్ర" పత్రికయందు ధారావాహికముగా వెలువడి, 1929లో గ్రంథరూపము దాల్చెను. మద్దిపట్ల సూరిగారు దానిని తెనిగించిరి. ఆ నవల బాలల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేసిన యువకుడే సత్యజిత్ రాయ్. 1955లో విడుదలయిన చిత్రమునకు ఆయనయే దర్శకులు. నవలలో దుర్గ, అపూ అను అక్కాతమ్ములు రైలుబాటను వెదకుచు పోయి, దారి తప్పి, రైలును చూడకయే ఇల్లు చేరుదురు. జ్వరమున పడిన దుర్గ తనకొకనాడు రైలు చూపుమని తమ్ముని కోరును; ఆ కోరిక తీరకయే కన్నుమూయును. చిత్రమునందు తెల్లని రెల్లుపూల నడుమ పిల్లలు పరుగెత్తుదురు. పొగ చిమ్ముచు రైలు సాగిపోవును. నవలలో తీరని కోరిక హృదయమును కలచును. చిత్రములో ఒక్క క్షణపు సంబరము తరువాతి దుఃఖమును బరువెక్కించును.

దుర్గ మరణించిన పిమ్మట ఆమె దొంగిలించి దాచిన వస్తువు అపూ కంటబడును. నవలలో అది చిన్న బంగారు భరిణె, చిత్రములో పూసలదండ. నవలలోని అపూ దానిని వెదురు పొదలలోనికి విసరివేయును. చిత్రములోని అపూ చెరువులోనికి విసరును. దండ పడినచోట విచ్చిన నాచు మెల్లగా మరల మూసికొనును. అక్క గుట్టు దాగినదని తెలుపుటకు ఒక్క మాటయు అక్కరలేకపోయెను. దర్శకుడు కథను తన సాధనమునకు తగిన భాషలో తిరిగి చెప్పెననుట న్యాయము.

అన్ని మార్పులును ఇట్టివి కావు. ఆర్.కె. నారాయణ్ "గైడ్" నవల 1958లో వెలువడెను. ముగింపున రాజు నీటిలో నిలిచి, కొండలలో వాన కురియుచున్నదని పలికి కూలబడును. వాన నిజముగా వచ్చెనా, రాజు బ్రతికెనా అను సంగతి రచయిత చెప్పరు, పాఠకుడే తేల్చుకొనవలెను. 1965 నాటి హిందీ చిత్రములో వాన కురియనే కురిసెను, రాజు మరణించెను. పాఠకునకు దక్కిన పని ప్రేక్షకునకు దక్కలేదు. తన మాల్గుడి కథను రాజస్థానమునకు తరలించుట నారాయణ్‌గారికి రుచింపలేదు. ఆ అసంతృప్తిని ఆయన ఒక వ్యాసమున వ్యంగ్యముగా వెల్లడించిరి.

1986లో శంకర్ నాగ్ దర్శకత్వమున దూరదర్శన్‌లో ప్రసారమైన "మాల్గుడి డేస్" ఆ లోటును చాలవరకు తీర్చెను. కర్ణాటకమందలి ఆగుంబె గ్రామము మాల్గుడి వేషము ధరించెను. రచయిత సోదరులు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు కథలకు అలంకారములయ్యెను. చిన్నకథకు చిన్నతెర చక్కగా అమరెను. అయినను ఒక వెల చెల్లింపక తప్పలేదు. 1935 నాటి "స్వామి అండ్ ఫ్రెండ్స్"ను తరువాత చదివినవారికి స్వామి అనగానే తెరమీది బాలుని ముఖమే తోచును. తాము ఊహింపదగిన ముఖమునకు చోటు మిగులదు.

కావున వరుస ముఖ్యము. ముందు పుస్తకము, పిదప తెర. ఉపాధ్యాయులు "గైడ్" చివరి పుటను చదివించి, రాజు ఏమయ్యెనో విద్యార్థులచే వ్రాయింపవచ్చును. ఆపై చిత్రము చూపి, ఏది తొలగినది, ఏది చేరినది, ఎందులకు అని అడుగవచ్చును. అట్లు చేసినచో సినిమా పఠనమునకు పోటీగాక తోడు అగును. రచయిత వదలిన ఖాళీని నింపుట పాఠకుని హక్కు. ఆ హక్కును అనుభవించి చూచిన బాలుడు "పుస్తకమేల?" అని మరల అడుగడు.