తిథి నిర్ణయంలో గణితం, ఆకాశం

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చే భక్తులు, శాశ్వత పూజకు విరాళమిచ్చే దాతలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఒకే తిథి రెండు పంచాంగాలలో రెండు రోజులుగా ఎందుకు కనబడుతుంది? వీటిలో ఏది తప్పు?"

సూర్యచంద్రుల మధ్య అంతరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలమే తిథి. 360 డిగ్రీలకు 30 తిథులు. మన ప్రాంతంలో హనుమజ్జయంతి జరుపుకొనే వైశాఖ బహుళ దశమి, ఆ అంతరం 288 డిగ్రీలకు చేరగానే ప్రారంభమై 300 డిగ్రీల వద్ద ముగుస్తుంది. చంద్రుని వేగం ఒకే తీరున ఉండదు కనుక కొన్ని తిథులు 20 గంటలకే ముగుస్తాయి. కొన్ని 26 గంటల వరకు సాగుతాయి.

తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. మన ఊరు సుమారు 81 డిగ్రీల వద్ద ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు గడియారం కంటె 6 నిమిషాలు వెనుక ఉంటాడు. సూర్యోదయ వేళ ఉన్న తిథినే అనేక వ్రతాలకు గ్రహిస్తాము కనుక, అమెరికాలోని మనవారికి పండుగ ఒక తేదీ ముందుగా రావచ్చు.

ఒకే ఊరిలో భేదం రావడానికి కారణం వేరు. కూడికలు, గుణకారాలు రెండు పంచాంగాలలోనూ సరిగానే ఉంటాయి. చంద్రగతికి చేసే సంస్కారాలు పూర్వపద్ధతిలో కొద్ది, దృగ్గణితంలో అనేకం. అందువలన తిథి ముగింపులో కొన్ని గంటల తేడా వస్తుంది. లెక్క నిర్దుష్టమైనంత మాత్రాన అది ఆకాశంతో ఏకీభవించి తీరాలని లేదు.

ఆ ఏకీభావాన్ని పరీక్షించేది గ్రహణం. సాధారణంగా కంటికి అందని అమావాస్యాంతం సూర్యగ్రహణంలోను, పూర్ణిమాంతం చంద్రగ్రహణంలోను ప్రత్యక్షమవుతాయి. కేరళకు చెందిన పరమేశ్వరుడు దశాబ్దాలపాటు గ్రహణాలను పరిశీలించి, పూర్వగణితాన్ని సవరించి 1431లో 'దృగ్గణితం' రచించాడు. పెద్దల లెక్కను ఆకాశంతో సరిచూడటం కూడా మన శాస్త్ర సంప్రదాయమే.

చంద్రుడెక్కడ ఉన్నాడో గణితం చెబుతుంది; ఆ తిథినాడు ఏ వేళను ప్రధానంగా గ్రహించాలో ధర్మశాస్త్రం, కులాచారం చెబుతాయి. కావున దాతలు తిథితోపాటు మాసము, పక్షము, జన్మించిన లేదా పరమపదించిన తేదీ, సమయము, ఊరు కూడా వ్రాయించవలసినదిగా ప్రార్థన. తిథి విషయమై ఎప్పుడు సందేహం కలిగినా ఆ వివరాలతో మరల గణించి సరిచూడవచ్చును.